రెండు తలకాయల పేజీ: హెచ్‌టీటీపీ హెడర్లు, హెడ్ సెక్షన్ ప్రాజెక్టు డైరీ

పని ఏంటో ముందే చెప్తా. పైథాన్‌లో సాకెట్ (నెట్‌వర్క్‌లో బైట్లు పంపి, తీసుకునే తలుపు) మీద ఏ ఫ్రేమ్‌వర్కూ (రెడీమేడ్ కోడ్ సరంజామా) లేకుండా ఒక బుల్లి సర్వర్ రాసి, దాంతో ఒకే ఒక్క తెలుగు పేజీని బ్రౌజర్‌కి పంపడం, పంపేటప్పుడు ప్రతి హెడర్‌నీ నా చేత్తో నేనే రాయడం. రెడీమేడ్ సర్వర్ అయితే చెప్పాపెట్టకుండా పది హెడర్లు తనే కలిపేస్తుంది, ఏది లేకపోతే ఏం విరుగుతుందో మనకి ఎప్పటికీ తెలీదు.

పేర్ల గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం, ఎందుకంటే నా సగం తప్పులు దీనివల్లే. హెడర్లు అంటే హెచ్‌టీటీపీలో (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) పేజీ కంటే ముందు వెళ్లే లైన్లు, అవి ఫైల్లో ఉండవు. హెడ్ సెక్షన్ అంటే ఫైల్ లోపలే, బాడీకి పైన ఉండే భాగం. ఇవి కాక బాడీలో వాడే హెడర్ అనే ట్యాగు ఒకటి, హెడ్ అనే రిక్వెస్ట్ మెథడ్ (సర్వర్‌ని అడిగే తీరు) ఇంకోటి. నాలుగూ వేరువేరు, పేరు మాత్రం దాదాపు ఒకటే.

టూల్స్: పైథాన్, కమాండ్ లైన్ నుంచి పేజీ అడిగే కర్ల్, కనెక్షన్‌లో వచ్చింది ఉన్నదున్నట్టు చూపించే నెట్‌క్యాట్, బైట్లు విప్పి చూడ్డానికి ఎక్స్‌ఎక్స్‌డీ, బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్. కోడ్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, చదువుకోడానికి వీలుగా ఇక్కడ తెలుగులో పెట్టా.

దశ 1: ఖాళీ లైను, పొడవు

1991 నాటి మొదటి హెచ్‌టీటీపీలో అసలు హెడర్లే లేవు. క్లయింట్ గెట్ అని ఒక లైను పంపితే సర్వర్ నేరుగా పేజీ విసిరేసి కనెక్షన్ కట్ చేసేది. 1996లో 1.0 ని కాగితం మీద పెట్టేసరికి స్టేటస్ లైను, హెడర్లు, ఖాళీ లైను, ఆ కింద బాడీ అనే పద్ధతి ఖాయమైపోయింది. ఆ ఖాళీ లైను దగ్గరే నా మొదటి దెబ్బ.

హెడర్లు రాసి, ఒక్కో లైను చివర సీఆర్ ఎల్‌ఎఫ్ (లైను ముగిసిందని చెప్పే రెండు బైట్లు) పెట్టి, వెంటనే పేజీ అతికించా. ఖాళీ లైను మర్చిపోయా. బ్రౌజర్‌లో పేజీ అయితే వచ్చింది, అందుకే ఇంకా తికమక. ట్యాబ్ మీద టైటిల్ లేదు, రంగుల్లేవు, మార్జిన్లు లేవు, బాడీలో ఉన్న అక్షరాలు మాత్రం పిచ్చి గుర్తుల్లా తగలడ్డాయి. నెట్‌క్యాట్‌తో చూస్తే విషయం బయటపడింది. నా హెచ్‌టీఎంఎల్ ఫైల్లో హెడ్ అయిపోయాక అందం కోసం ఒక లైను వదిలా కదా, బ్రౌజర్ దాన్నే హెడర్లు అయిపోయినట్టు గుర్తు అనుకుంది. అంటే నా హెడ్ సెక్షన్ మొత్తాన్ని పనికిరాని హెడర్లనుకుని పక్కన పడేసి, కింద నుంచి చదవడం మొదలెట్టింది. పేర్లు కలిసిపోయాయని పైన అన్నా చూడండి, ఇక్కడ నిజంగానే కలిసిపోయాయి.

రెండో దెబ్బ కంటెంట్-లెంగ్త్, బాడీ ఎంత పొడవో చెప్పే హెడర్. పేజీని స్ట్రింగ్‌గా చదివి, పైథాన్‌లో పొడవు లెక్కపెట్టే లెన్ ఇచ్చిన నంబరు అలాగే పెట్టేశా: 1,940. పేజీ మధ్యలో, ఒక పేరా సగంలో తెగిపోయింది, ఎర్రర్ ఏం లేదు, కర్ల్ కూడా బుద్ధిగా అంతవరకే తీసుకుని ఊరుకుంది. గంటసేపు ఫైల్ రీడింగ్‌లో బగ్ ఉందని వెతికా. తప్పంతా లెక్కలో ఉంది. కంటెంట్-లెంగ్త్ అడిగేది అక్షరాలు కాదు, బైట్లు. యూటీఎఫ్-8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) లో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో సొంత నంబరున్న ఒక్కో గుర్తు) ప్రతిదీ మూడు బైట్లు తింటుంది. "నమస్తే" తీసుకోండి, కంటికి మూడు అక్షరాలు, పైథాన్‌కి ఆరు, వైరు మీద 18.

నా పేజీ లెక్క:
1. మొత్తం కోడ్‌పాయింట్లు: 1,940
2. అందులో తెలుగువి 1,390, ఒక్కోటి 3 బైట్లు, అంటే 4,170
3. ట్యాగులు, ఖాళీలు, కామాలు 550, ఒక్కోటి 1 బైటు
4. అసలు పంపాల్సింది: 4,720 బైట్లు

అంటే పేజీలో 41 శాతమే వెళ్లింది. ఇంగ్లీషు పేజీతో టెస్ట్ చేసుంటే రెండు నంబర్లూ ఒకటే వచ్చి ఈ బగ్ నాకు జన్మలో దొరికేది కాదు. ముందు ఎన్‌కోడ్ చేసి బైట్లుగా మార్చి, ఆ తర్వాతే లెన్ తీయాలి. ఫైల్ మీద చెక్ చేయాలంటే డబ్ల్యూసీ కమాండ్‌కి -సీ ఇస్తే బైట్లు, -ఎం ఇస్తే అక్షరాలు.

ఇప్పుడు పంపుతున్నది:

హెచ్‌టీటీపీ/1.1 200 ఓకే
కంటెంట్-టైప్: టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్
కంటెంట్-లెంగ్త్: 4720
కనెక్షన్: క్లోజ్
ఇక్కడ ఖాళీ లైను

ఇప్పటిదాకా లెక్క: టైమ్ 2 గంటలు, తప్పులు 2, హెడర్లు 3, స్టేటస్ లైను నుంచి ఖాళీ లైను దాకా 85 బైట్లు.

దశ 2: పిలవని రిక్వెస్టులు

పేజీని ఒకసారి తెరిస్తే సర్వర్ లాగ్‌లో రెండు హిట్లు. రెండోది ఫేవ్‌ఐకాన్ (ట్యాబ్ మీద కనబడే బుల్లి బొమ్మ) కోసం. హెడ్‌లో ఐకాన్ గురించి ఏమీ చెప్పకపోతే బ్రౌజర్ తనంతట తనే ఫేవ్‌ఐకాన్.ఐకో అడుగుతుంది, నా సర్వర్ ఏ అడ్రస్ అడిగినా అదే పేజీ ఇచ్చేస్తోంది కాబట్టి ఐకాన్ బదులు కూడా 4,720 బైట్ల తెలుగు వ్యాసం పంపింది. హెడ్‌లో ఐకాన్ లింక్ పెట్టా, తెలీని అడ్రస్‌కి 404 (అలాంటిది లేదు) పంపేలా మార్చా.

ఇంకోటి, సర్వర్ అప్పుడప్పుడూ బిగుసుకుపోయేది. క్రోమ్ ముందుజాగ్రత్తగా ఒక అదనపు కనెక్షన్ తెరిచి, అందులో ఏమీ పంపకుండా ఊరికే పట్టుకుని కూర్చుంటుంది. నాది ఒకే థ్రెడ్, అంటే ఒకసారికి ఒక్క పనే, పాపం అది ఆ ఖాళీ కనెక్షన్‌లో ఎవరైనా మాట్లాడతారేమోనని ఎదురుచూస్తూ అసలు రిక్వెస్ట్‌ని పట్టించుకోలేదు. కనెక్షన్‌కో థ్రెడ్ ఇచ్చి, 5 సెకన్ల టైమౌట్ పెట్టాక సర్దుకుంది.

ఇప్పటిదాకా లెక్క: టైమ్ 3 గంటల 15 నిమిషాలు, తప్పులు 4, హెడర్లు 3, 85 బైట్లు.

దశ 3: కంటెంట్-టైప్, అక్షరాల తగాదా

స్టైల్స్‌ని వేరే సీఎస్‌ఎస్ ఫైల్లోకి, నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్‌ని వేరే ఫైల్లోకి తీశా. స్క్రిప్ట్ పనిచేసింది, స్టైల్ పనిచేయలేదు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో రెండూ 200 (అంతా ఓకే) అనే చూపిస్తున్నాయి. కన్సోల్ తెరిస్తే గానీ తెలీలేదు, స్టైల్‌షీట్ అని చెప్పి టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని పంపావు, నేను తీసుకోను అంటోంది. నా సర్వర్ అన్నిటికీ ఒకే టైప్ రాసేస్తోంది మరి. పైన డాక్‌టైప్ (ఇది ఆధునిక హెచ్‌టీఎంఎల్ అని చెప్పే మొదటి లైను) ఉన్న పేజీలో సీఎస్‌ఎస్ విషయంలో బ్రౌజర్ గట్టిగా ఉంటుంది, మామూలు స్క్రిప్ట్ విషయంలో మాత్రం పాత సైట్లు విరిగిపోకూడదని టైప్ తప్పున్నా చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఆ జాలి నాకు వద్దు, తప్పుంటే వెంటనే విరగాలి. అందుకని ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్: నోస్నిఫ్ పెట్టా, చెప్పిన టైపే నమ్ము, నువ్వు ఊహించకు అని. పెట్టగానే స్క్రిప్ట్ కూడా ఆగిపోయింది. అప్పుడు ఎక్స్‌టెన్షన్ చూసి టైప్ ఇచ్చే చిన్న పట్టిక రాశా: హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, పీఎన్‌జీ, ఇంకా జావాస్క్రిప్ట్‌కి టెక్స్ట్/జావాస్క్రిప్ట్. అప్లికేషన్/జావాస్క్రిప్ట్ అని పాత కోడ్‌లో చాలాచోట్ల కనబడుతుంది, 2022 నుంచి స్టాండర్డ్ చెప్పేది మాత్రం టెక్స్ట్ దే.

ఇక అక్షరాలు. హెడ్‌లో మెటా చార్‌సెట్ (అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే లైను) యూటీఎఫ్-8 అని ఉంది కాబట్టి దశ 1 తర్వాత తెలుగు బాగానే కనబడుతోంది. ఎప్పుడో దాచుకున్న పాత కోడ్ ముక్క లోంచి కంటెంట్-టైప్ లైను కాపీ కొట్టా, దాని తోకలో చార్‌సెట్=ఐఎస్ఓ-8859-1 (పశ్చిమ యూరప్ భాషల పాత పట్టిక) ఉందని చూసుకోలేదు. పేజీ అంతా చెత్త. హెడ్‌లో యూటీఎఫ్-8 అని అంత స్పష్టంగా రాసి ఉంటే ఎందుకు వినదు అని అరగంట మెటా ట్యాగ్‌నే అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నా.

వినదు. ఈ విషయంలో హెడర్ మాటే చెల్లుతుంది, లోపల మెటా ఏం చెప్పినా లెక్కలోకి రాదు. హెడర్‌ని కూడా కొట్టేసేది ఒక్క బీఓఎం, అదే ఫైల్ మొట్టమొదట ఉండే ఆ మూడు బైట్ల గుర్తు.

చెత్త అని వదిలేయకుండా దాన్ని కాస్త దగ్గరగా చూస్తే రోగం పేరు అదే చెప్తుంది. తెలుగు చెడిపోతే ఎప్పుడూ ఒకేలా చెడిపోతుంది: తల మీద వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ పక్కన ఇంకేదో ఒకటి. కారణం సింపులే. "త" అంటే బైట్లలో (హెక్స్‌లో, అంటే 0 నుంచి ఎఫ్ దాకా పదహారు అంకెలతో రాస్తే) ఈ0 బీ0 ఏ4. మన లిపిలో ప్రతి కోడ్‌పాయింటూ ఈ0 తోనే మొదలవుతుంది, రెండోది బీ0 లేదా బీ1, ఇంకోటి ఉండదు. ఐఎస్ఓ-8859-1 అని రాస్తే బ్రౌజర్లు విండోస్-1252 పట్టిక తీసి చదువుతాయి, అందులో ఈ0 అంటే ఆ వాలుగీత ఏ, బీ0 అంటే డిగ్రీ, బీ1 అంటే ప్లస్-మైనస్. అచ్చులు, హల్లులు డిగ్రీ వైపు పడతాయి, కొమ్ములు, ఎత్వాలు, పొల్లు ప్లస్-మైనస్ వైపు. ఇప్పుడు ఎక్కడ ఈ వరస కనబడినా ఫైల్ పాడవ్వలేదు, పైన లేబుల్ తప్పుంది అని వెంటనే తెలిసిపోతోంది. ఫైల్ ముట్టుకోకండి. ఎడిటర్‌లో ఆ చెత్తనే తెరిచి సేవ్ చేస్తే మాత్రం అప్పుడు నిజంగానే పాడవుతుంది.

చార్‌సెట్ సరిచేశా, ఆ తోక 15 బైట్లు. మెటాని కూడా ఉంచా, ఎందుకంటే పేజీని సేవ్ చేసుకుని డిస్క్ మీంచి తెరిచేవాళ్లకి హెడర్లు ఉండవు. కాకపోతే దాన్ని హెడ్‌లో మొట్టమొదటి లైన్‌కి జరిపా. ఫైల్ మొదటి 1,024 బైట్లలోపే అది ఉండాలని రూలు, నేనేమో దానిపైన దాదాపు 400 అక్షరాల తెలుగు కామెంట్ పెట్టుకున్నా, అదొక్కటే 1,200 బైట్లు. నా బ్రౌజర్ అయితే అలా ఉన్నా సర్దుకుంది గానీ అన్నీ సర్దుకుంటాయని నమ్మడం ఎందుకు.

ఇప్పటిదాకా లెక్క: టైమ్ 5 గంటలు, తప్పులు 6, హెడర్లు 4, 133 బైట్లు.

దశ 4: హెడ్ మధ్యలో తలుపు మూసుకుపోయింది

ఇది ఒకరోజంతా నా కళ్ల ముందే ఉండి కనబడని తప్పు. ఎంతమంది చూశారో లెక్కపెట్టే ఒక పిక్సెల్ ఇమేజ్ కావాలనిపించి, కంటికి కనబడేది కాదు కదా అని హెడ్‌లో టైటిల్ కింద ఐఎంజీ ట్యాగు పెట్టా. పేజీ మామూలుగానే ఉంది. వేరే పని మీద కన్సోల్‌లో డాక్యుమెంట్.హెడ్.చిల్డ్రెన్.లెంగ్త్ కొట్టి చూస్తే 2 వచ్చింది. నేను రాసినవి 8.

హెచ్‌టీఎంఎల్‌లో హెడ్ మూసే ట్యాగు, బాడీ తెరిచే ట్యాగు రాయకపోయినా చెల్లుతాయి. కాబట్టి హెడ్‌లో ఉండకూడని ట్యాగు ఎదురవగానే పార్సర్ (హెచ్‌టీఎంఎల్‌ని చదివే బ్రౌజర్ భాగం) ఓహో బాడీ మొదలైంది అనుకుని హెడ్ తలుపు తనే మూసేస్తుంది. ఐఎంజీ, డివ్, పీ, ఏదైనా సరే. దాని కింద ఉన్న వ్యూపోర్ట్, డిస్క్రిప్షన్, ఐకాన్, స్టైల్ లింక్, స్క్రిప్ట్, షేరింగ్ టైటిల్ (లింకు ఎవరికైనా పంపితే కనబడేది) ఆరూ బాడీలోకి జారిపోయాయి. స్టైల్ బాడీలో ఉన్నా పనిచేస్తుంది కాబట్టి కంటికి తేడా తెలీదు. దెబ్బ తగిలేవి వేరే: మెటాలో పెట్టిన కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (పేజీ ఎక్కణ్ణుంచి ఏం లోడ్ చేసుకోవచ్చో చెప్పే రూళ్లు) హెడ్ బయట ఉంటే బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు, కెనానికల్ లింక్ (ఈ పేజీ అసలు అడ్రస్ ఇదీ అని చెప్పేది) బాడీలో కనబడితే గూగుల్ లెక్కలోకి తీసుకోదు.

వ్యూ సోర్స్‌లో చూస్తే ఇది ఎప్పటికీ దొరకదు, అక్కడ మీరు రాసిందే కనబడుతుంది. ఎలిమెంట్స్ ప్యానెల్‌లో చూడాలి, బ్రౌజర్‌కి ఏం అర్థమైందో అక్కడుంటుంది.

ఇప్పుడు నా హెడ్ వరస ఇలా:
1. చార్‌సెట్
2. వ్యూపోర్ట్
3. టైటిల్
4. డిస్క్రిప్షన్
5. ఐకాన్ లింక్
6. స్టైల్ లింక్
7. స్క్రిప్ట్, డిఫర్‌తో (పేజీ చదవడం అయ్యాకే నడుస్తుంది)
8. షేరింగ్ టైటిల్

వ్యూపోర్ట్ గురించి ఒక్క మాట. అది తీసేసి ఫోన్‌లో చూశా, ఫోన్ బ్రౌజర్ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున్న డెస్క్‌టాప్ పేజీ అనుకుని గీసి, ఆ మొత్తాన్ని చిన్న స్క్రీన్‌లో కుక్కింది, చీమ తలకాయంత అక్షరాలు. ఒత్తులు అస్సలు చదవలేం. విడ్త్=డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్=1 ఉండాల్సిందే. ఇది చెప్పడానికి హెచ్‌టీటీపీ హెడర్ ఏదీ లేదు, హెడ్‌లోనే చెప్పాలి.

పిక్సెల్ ఇమేజ్‌ని బాడీ చివరికి పంపేశా. పేజీ సైజు ఇప్పుడు 5,104 బైట్లు.

ఇప్పటిదాకా లెక్క: టైమ్ 6 గంటల 15 నిమిషాలు, తప్పులు 7, హెడర్లు 4, 133 బైట్లు.

దశ 5: జీజిప్

ఒక్కో అక్షరానికి మూడు బైట్లా అని బాధపడక్కర్లేదు, అందులో ఈ0 బీ0, ఈ0 బీ1 అనేవే మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి జీజిప్ అనే కంప్రెషన్ వాటిని హాయిగా నలిపేస్తుంది. 5,104 కాస్తా 1,812 అయింది, అంటే 35 శాతం చిల్లర.

మూడు తప్పులు, చకచకా:
1. నలిపిన బైట్లు పంపి కంటెంట్-ఎన్‌కోడింగ్: జీజిప్ చెప్పడం మర్చిపోయా. స్క్రీన్ నిండా డబ్బాలు, ప్రశ్నార్థకాలు.
2. కంటెంట్-లెంగ్త్‌ని నలపకముందు లెక్కపెట్టా. 5,104 అని చెప్పి 1,812 పంపితే కర్ల్ ఇంకా 3,292 బైట్లు రావాలి అని ఎర్రర్ 18 కొట్టింది. దశ 1లో తక్కువ చెప్తే కిక్కురుమనలేదు, ఎక్కువ చెప్తే గోల. తప్పు రెండువైపులా ఒకటే గానీ దొరికేది ఒకవైపే.
3. రిక్వెస్ట్‌లో యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ (జీజిప్ లాంటివి నాకు వచ్చు అని అడిగేవాళ్లు చెప్పే హెడర్) ఉందా అని పెద్దక్షరాలతో సహా సరిపోలిస్తున్నా. కర్ల్‌తో అన్నీ చిన్నక్షరాల్లో పంపితే నా సర్వర్‌కి కనబడలేదు. హెడర్ పేర్లకి చిన్నా పెద్దా తేడా లేదు, హెచ్‌టీటీపీ/2 లో అయితే చిన్నక్షరాల్లోనే పంపాలి. చదవగానే అన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చేస్తున్నా.

వేరీ: యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ కూడా పెట్టా. అది లేకపోతే మధ్యలో ఉండే క్యాష్ (కాపీలు దాచుకునే చోటు) ఒకరికిచ్చిన జీజిప్ కాపీనే జీజిప్ అడగనివాళ్లకి కూడా ఇచ్చేసే ప్రమాదం ఉంది.

ఇప్పటిదాకా లెక్క: టైమ్ 7 గంటల 45 నిమిషాలు, తప్పులు 10, హెడర్లు 6, 180 బైట్లు.

దశ 6: క్యాష్, లేక నా వారాంతం ఎటు పోయింది

అనుకున్నది చిన్న పని. పేజీతో పాటు ఈట్యాగ్ అని ఒక గుర్తు పంపాలి, బ్రౌజర్ మళ్లీ వచ్చినప్పుడు ఇఫ్-నన్-మ్యాచ్‌లో అదే గుర్తు చూపిస్తే, మారలేదు పో అని 304 పంపాలి, బాడీ ఉండదు. గుర్తు కోసం పంపే బైట్ల హ్యాష్ (ఆ బైట్ల నుంచి లెక్కకట్టే వేలిముద్ర) తీసి మొదటి 16 అక్షరాలు వాడుకున్నా, డబుల్ కోట్స్‌లో పెట్టాలి, కోట్స్ కూడా విలువలో భాగమే.

ఒక్కసారి కూడా 304 రాలేదు.

కర్ల్‌తో వచ్చిన ఈట్యాగ్‌ని కాపీ చేసి తిరిగి పంపా, 200. మళ్లీ, 200. వెనక్కి వచ్చే ఈట్యాగ్ ప్రతిసారీ కొత్తది, పేజీలో అక్షరం కూడా మార్చలేదు. రెండు రెస్పాన్సులూ సేవ్ చేసి ఎక్స్‌ఎక్స్‌డీతో పక్కపక్కన పెట్టా. 1ఎఫ్ 8బీ 08 00 వరకు ఒకటే, ఐదో బైటు తేడా, ఆ తర్వాత మళ్లీ చివరిదాకా అంతా ఒకటే. జీజిప్ తన తలకట్టులో ఐదో బైటు నుంచి ఎనిమిదో బైటు దాకా టైమ్ రాసుకుంటుంది, నా దగ్గరున్న పైథాన్‌లో ఏమీ చెప్పకపోతే ఇప్పటి టైమే వేసేస్తుంది. సెకను మారితే ఐదో బైటు మారుతుంది, బైటు మారితే హ్యాష్ మొత్తం మారుతుంది. అంటే ప్రతి సెకనుకీ నా పేజీ కొత్త పేజీ అని నేనే ఊరంతా టముకు వేస్తున్నా. ఆ టైమ్‌ని (ఎం-టైమ్ అంటారు) 0 చేశా, కర్ల్‌లో 304 వచ్చింది. నలపకముందు ఉన్న పేజీ హ్యాష్ వాడొచ్చు కదా అంటారేమో, వాడితే జీజిప్ కాపీకీ మామూలు కాపీకీ ఒకే గుర్తు వస్తుంది, బైట్లు వేరైనప్పుడు గుర్తులు కూడా వేరుగా ఉండాలి.

బ్రౌజర్‌లో మాత్రం ఇంకా 200 యే. డెవ్‌టూల్స్‌లో డిజేబుల్ క్యాష్ టిక్ పెట్టి ఉంది, అది ఉంటే బ్రౌజర్ ఇఫ్-నన్-మ్యాచ్ అసలు పంపదు. దొరికింది దొంగ అనుకుని టిక్ తీశా. అయినా 200. నెట్‌వర్క్ ట్యాబ్‌లో బ్రౌజర్ ఆ హెడర్ పంపినట్టే చూపిస్తోంది, నా సర్వర్ లాగ్‌లో మాత్రం అది లేదు. పంపినవాడు పంపానంటాడు, తీసుకున్నవాడు రాలేదంటాడు.

రెండున్నర గంటలు. పోర్ట్ మార్చా, వేరే బ్రౌజర్‌లో చూశా, అందులో 304 వచ్చేసింది, దాంతో పిచ్చి ఇంకా ముదిరింది. చివరికి వచ్చిన రిక్వెస్ట్ సైజు ప్రింట్ చేస్తే సరిగ్గా 1,024. చూడగానే ఒళ్లు మండింది, ఆ నంబరు నేను రాసిందే, మొదటిరోజు రిసీవ్ 1024 అని రాసి, ఒక్కసారి చదివితే రిక్వెస్ట్ అంతా వచ్చేస్తుందనుకున్నా.

అసలు రిక్వెస్ట్ 2,318 బైట్లు. అందులో కుకీ (సైటు బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న సమాచారం) లైను ఒక్కటే 1,641. నా సర్వర్ జన్మలో ఒక్క కుకీ పెట్టలేదు, మరి ఎక్కణ్ణుంచి వచ్చాయంటే లోకల్‌హోస్ట్ (నా సొంత కంప్యూటర్) మీద వేరే పోర్ట్‌లో (తలుపు నంబరు) నడిచే నా పాత ప్రాజెక్టులు పెట్టినవి. కుకీలకి పోర్ట్ తేడా తెలీదు, హోస్ట్ పేరు ఒకటైతే చాలు, 3000లో పెట్టింది 8000కి కూడా వచ్చేస్తుంది. నా బ్రౌజర్ కుకీని 641వ బైటు నుంచి మొదలెట్టి, ఇఫ్-నన్-మ్యాచ్‌ని దాని వెనకాల పెట్టింది. 1,024 దగ్గర నేను కుకీ నడుం విరగ్గొట్టేసరికి వెనకాలది నాకు అందనే లేదు. వేరే బ్రౌజర్‌లో ఆ పాత కుకీలు లేవు, అందుకే అందులో బాగుంది. యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ కుకీకి ముందే వచ్చింది కాబట్టి జీజిప్ రోజూ పనిచేస్తూ నన్ను ఇంకా నమ్మించింది.

మార్చింది:
1. ఖాళీ లైను కనబడేదాకా లూప్‌లో చదవడం
2. 16 కేబీ దాటితే ఆపేసి 431 పంపడం, హెడర్లు మరీ పెద్దవైతే ఇచ్చే కోడ్ అది
3. లాగ్‌లో ప్రతి రిక్వెస్ట్ సైజూ రాయడం

కొలత: మొత్తం పేజీ పంపితే 231 హెడర్లు, 1,812 బాడీ, కలిపి 2,043 బైట్లు. 304 అయితే 122 బైట్లు.

క్యాష్-కంట్రోల్‌లో నో-క్యాష్ అని పెట్టా. ఈ పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. దాచుకోవద్దు అని దాని అర్థం కాదు, దాచుకో గానీ వాడే ముందు నన్నడుగు అని. అసలు దాచుకోవద్దు అంటే నో-స్టోర్.

సీఎస్‌ఎస్‌కి మాత్రం తెలివి చూపించి మ్యాక్స్-ఏజ్=31536000 ఇచ్చా, అంటే ఏడాది సెకన్లు. సాయంత్రం రంగు మార్చా, రీలోడ్ కొడితే పాత రంగే, ఏడాదిదాకా నన్ను అడగక్కర్లేదని నేనే చెప్పా కదా. రీలోడ్ కొట్టినా క్రోమ్ పేజీని మాత్రం తిరిగి అడుగుతుంది, లోపలి ఫైళ్లని కాదు. సర్వర్ వైపు నుంచి వెనక్కి తీసుకునే సులువైన దారి లేదు. హెడ్‌లో మెటా హెచ్‌టీటీపీ-ఈక్వివ్‌తో (హెడర్ మాటని హెడ్‌లోంచి చెప్పే ట్యాగు) క్యాష్-కంట్రోల్ రాసి చూశా, ఎన్నో పాత టెంప్లేట్లలో ఉంటుంది ఈ లైను. ఏమీ కాలేదు, బ్రౌజర్ దాన్ని లెక్కచేయదు. నాకు పనిచేసిన మందు ఫైల్ పేరులోనే హ్యాష్ పెట్టడం, లోపల మారితే పేరు మారుతుంది, పేరు మారితే బ్రౌజర్‌కి అది కొత్త ఫైలు. పేజీకి నో-క్యాష్, పేరులో హ్యాష్ ఉన్న ఫైళ్లకి ఏడాది.

ఇప్పటిదాకా లెక్క: టైమ్ 12 గంటల 30 నిమిషాలు, తప్పులు 14, హెడర్లు 8, 231 బైట్లు.

దశ 7: ఎవరి మాట చెల్లుతుంది

కంటెంట్ సెక్యూరిటీ పాలసీని ముందు హెడ్‌లో మెటాగా పెట్టా: డిఫాల్ట్ సోర్స్ సెల్ఫ్ (అన్నీ నా సర్వర్ నుంచే రావాలి), వేరేవాళ్లు నా పేజీని ఫ్రేమ్‌లో పెట్టకుండా ఫ్రేమ్-యాన్సెస్టర్స్ నన్. మొదటిది పట్టింది, ఎంత బాగా పట్టిందంటే నేను ఒక హెడింగ్‌కి నేరుగా రాసిన స్టైల్‌ని కూడా ఆపేసింది, దాన్ని సీఎస్‌ఎస్‌లోకి తీసేశా, 34 బైట్లు తగ్గి పేజీ 5,070 అయింది. రెండోది పట్టలేదు. ఫ్రేమ్-యాన్సెస్టర్స్ మెటాలో ఉంటే పట్టించుకోను అని కన్సోల్ సూటిగానే చెప్పింది, హెడర్‌లోనే రావాలి. రెండూ హెడర్‌కి మార్చా.

ఏడు దశల్లో తగిలిన దెబ్బల్ని బట్టి నా నోట్‌బుక్‌లో ఉన్న పేజీ ఇది. చార్‌సెట్: తగాదా వస్తే హెడర్ గెలుస్తుంది. సెక్యూరిటీ పాలసీ: హెడర్లో ఒకటి, హెడ్‌లో ఒకటి ఉంటే ఎవరూ గెలవరు, రెండూ అమలవుతాయి, రెండూ ఒప్పుకున్నదే లోడ్ అవుతుంది. క్యాష్, ఫ్రేమ్ రూళ్లు: హెడర్‌లోనే చెప్పాలి. వ్యూపోర్ట్, టైటిల్: హెడ్‌లోనే. రిఫరర్ పాలసీ (ఏ పేజీ నుంచి వచ్చారో ఎంతవరకు చెప్పాలనే రూలు): ఎక్కడైనా చెప్పొచ్చు, హెడ్‌లోది తర్వాత చదువుతారు కాబట్టి అదే నిలుస్తుంది. దీనిమీద ఇంకో చిరాకు, బ్రౌజర్ పంపే రిఫరర్ హెడర్ స్పెల్లింగ్‌లో మధ్యన ఉండాల్సిన రెండు ఆర్‌లలో ఒకటి ఎప్పుడో 90ల్లోనే ఎగిరిపోయి అలాగే స్టాండర్డ్ అయిపోయింది, తర్వాత వచ్చిన పాలసీ హెడర్‌లో మాత్రం రెండూ ఉన్నాయి. ఒక దాంట్లో తప్పుగా రాస్తేనే కరెక్టు, ఇంకోదాంట్లో కరెక్టుగా రాస్తేనే కరెక్టు.

స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ (ఇకపై హెచ్‌టీటీపీఎస్‌లోనే రా అని బ్రౌజర్‌కి చెప్పే హెడర్) పెట్టలేదు. మామూలు హెచ్‌టీటీపీ మీద పంపితే బ్రౌజర్ దాన్ని వినదు, సర్టిఫికెట్ పెట్టాక చూస్తా.

ఆఖరిది కర్ల్‌కి ఇచ్చే పెద్దక్షరం ఐ ఆప్షన్. హెడర్లు చూడ్డానికి మొదటిరోజు నుంచి ఇదే వాడుతున్నా. అది కంటెంట్-లెంగ్త్ 5,070 అంటుంది, బ్రౌజర్ 1,784 అంటుంది, ఎవరు అబద్ధం అంటే ఎవరూ కాదు, కర్ల్ తనంతట తను జీజిప్ అడగదు, --కంప్రెస్డ్ ఇస్తేనే అడుగుతుంది. అది చూస్తుండగా ఇంకోటి తట్టింది, పెద్ద ఐ పంపేది గెట్ కాదు, హెడ్ మెథడ్, హెడర్లు మాత్రమే ఇవ్వు బాడీ వద్దు అని. నా కోడ్‌లో మెథడ్ ఏంటో చూసే లైనే లేదు. ఇన్నాళ్లూ నేను పేజీ మొత్తం పంపిస్తుంటే కర్ల్ మొహమాటానికి ఏమీ అనకుండా వదిలేసింది. ఒక ఇఫ్ పెట్టా: హెడ్ అయితే అవే హెడర్లు, అదే కంటెంట్-లెంగ్త్, ఖాళీ లైను, ఆపై కట్.

కర్ల్‌ని నమ్మకుండా ఈసారి నెట్‌క్యాట్‌తో చేత్తోనే కొట్టి చూశా. స్టేటస్ లైను వచ్చింది, హెడర్లు వచ్చాయి, ఖాళీ లైను వచ్చింది, దాని కింద ఏమీ లేదు.

ఇప్పటిదాకా లెక్క: టైమ్ 14 గంటలు, తప్పులు 18, హెడర్లు 9, జీజిప్ అడిగిన గెట్‌కి 300 బైట్లు.